దాతృత్వం నుండి భాగస్వామ్యానికి: డాక్టర్ యలవర్తి నాయుడమ్మ

కృష్ణానదికి ఈవలి ఒడ్డున విజయవాడ, ఆవలి ఒడ్డున తెనాలి ప్రాంతం. 1855లో పూర్తయిన ఆనకట్ట నుండి, దాని స్థానంలో 1957 నాటికి వెలసిన ప్రకాశం బ్యారేజీ నుండి రెండు వైపులకు కాలువలు సాగి ఈ నేలను ఒకే కుటుంబంగా కలిపినవి. ఆ పడమటి కాలువల కింద, తెనాలికి సమీపంలోని యలవర్రు గ్రామంలో 1922 సెప్టెంబరు 10న ఒక వ్యవసాయ కుటుంబంలో నాయుడమ్మ జన్మించారు. ఇతర ప్రాంతాల నుండి వచ్చిన విద్యార్థులు ఈ పేరు విని స్త్రీ పేరని పొరపడటం మేము చూశాము. డెల్టా గ్రామాలలో ఇది పురుషులకు పెట్టుకొనే పేరే.

చర్మ శాస్త్రవేత్తగా నాయుడమ్మ పేరు మన పోటీపరీక్షల పుస్తకాలలో ఒక పంక్తిగా కనిపిస్తుంది. కనిష్క విమాన దుర్ఘటనలో మరణించారన్నది మరొక పంక్తి. ఈ రెండు పంక్తుల నడుమ మరుగునపడిన సంగతి ఒకటున్నది. సంపన్న దేశమైన కెనడా, పేద దేశాలకు తాను చేసే సహాయం ఎట్లుండాలని ఆలోచించి, ఆ నిమిత్తం తన పార్లమెంటు చట్టంతో స్థాపించుకొన్న సంస్థకు పాలకులలో ఒకరుగా ఈ యలవర్రు రైతుబిడ్డను కూర్చోబెట్టుకొన్నది. ఇచ్చేవాని ఇంటి పెట్టె తాళంచెవుల గుత్తిలో ఒక చెవిని పుచ్చుకొనేవాని చేతికి ఇచ్చినట్లయినది. ఇది ఎట్లు సంభవించినది, దీనికి నాయుడమ్మ జీవితం ఆయనను ఎట్లు సిద్ధపరచినది అన్నదే మేమిక్కడ వ్రాయదలచిన విషయం.

కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో రసాయన సాంకేతిక విద్యను అభ్యసించిన పిమ్మట ఆయన మద్రాసు చేరి చర్మశుద్ధి విద్యలో ప్రవేశించారు. ఈ నిర్ణయం ఎంత సాహసోపేతమైనదో ఈనాటి విద్యార్థులకు విడమరచి చెప్పవలసి ఉన్నది. 1940ల నాటి ఆంధ్ర గ్రామంలో తోలు పని ఊరికి వెలుపల జరిగే పని. మాదిగ వాడలో లందల వద్ద, సున్నపు నీటిలో, తంగేడు చెక్క కషాయంలో రోజుల తరబడి చర్మాలను నానబెట్టి, చేతులు కమిలిపోగా ఊనే వారి పని. ఆ తోలుతో కుట్టిన చెప్పులు తొడుగుకొని, ఆ తోలుతో చేసిన మోటబొక్కెనతో పొలానికి నీరు తోడుకొని, దానిని తయారుచేసిన మనిషిని మాత్రం దూరంగా నిలిపిన సమాజం మనది. మద్రాసు రాష్ట్రంలో ఆ వ్యాపారం అధికభాగం వాణియంబాడి, ఆంబూరు పట్టణాల ముస్లిం వర్తకుల చేతులలో ఉండేది. శ్రమ దళితులది, వర్తకం ముస్లింలది. రసాయన శాస్త్రం చదివిన వ్యవసాయ కుటుంబపు యువకుడు ఈ రెండు వర్గాల మధ్యకు వెళ్ళి దుర్వాసనతో నిండిన గదులలో నిలబడి పనిచేయటాన్ని ఆ రోజులలో బంధువులు మెచ్చుకొనే ఉద్యోగంగా ఎంచి ఉండరు.

ఉన్నత విద్యకై ఆయన అమెరికా వెళ్ళి, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. అక్కడే స్థిరపడక తిరిగి వచ్చి, అప్పుడే రూపుదిద్దుకొంటున్న కేంద్ర చర్మ పరిశోధన సంస్థలో చేరారు. మద్రాసు అడయారులో 1948లో శంకుస్థాపన జరిగిన ఆ సంస్థ 1953లో ప్రారంభమైనది. 1958లో, ముప్పది ఆరేండ్ల వయసులో, నాయుడమ్మ దానికి డైరెక్టరు అయ్యారు. 1971 వరకు ఆ పదవిలో ఉన్నారు. ఆ పదమూడేండ్లే ఆయన జీవితానికి వెన్నెముక అని మా అభిప్రాయం. తరువాతి పదవులు ఎంత పెద్దవైనా వాటికి కావలసిన తర్ఫీదు అక్కడ జరిగినది.

అప్పటి స్థితిని గ్రహించాలి. పశుసంపదలో మన దేశం ప్రపంచంలోనే అగ్రస్థానంలో ఉన్నవాటిలో ఒకటి. అయినను మనము ఎగుమతి చేసినవి పచ్చి తోళ్ళు, లేదా చెట్టు బెరడుతో సగం శుద్ధిచేసిన తోళ్ళు. ఈ సగం శుద్ధిచేసిన సరుకుకు ఐరోపా వర్తకులు ఈస్టిండియా తోలు అని పేరు పెట్టుకొన్నారు. అది అక్కడ తుదిమెరుగులు దిద్దుకొని, బూట్లుగా, చేతి సంచులుగా, కోట్లుగా మారి అనేక రెట్ల ధరకు అమ్ముడుపోయేది. శుద్ధికి వాడే బెరడులో కూడా విచిత్రం ఉన్నది. మన అడవులలో తంగేడు, రేల చెట్లున్నవి, కరక్కాయ ఉన్నది. అయినను పరిశ్రమ క్రమంగా ఆఫ్రికా నుండి దిగుమతి అయ్యే వాటిల్ బెరడు సత్తుపై ఆధారపడినది. అనగా పరాయి బెరడు తెచ్చి, మన తోలుకు పూసి, సగం పనితో పరాయి దేశానికి పంపటం. లాభం రెండు కొసలలోను మనది కాదు.

నాయుడమ్మ నాయకత్వంలో ఆ సంస్థ చేసిన పనిని మూడు నాలుగు వాక్యాలలో ముగించటం కష్టం. స్వదేశీ బెరడులను పరీక్షించారు. క్రోమియం లవణాలతో త్వరగా శుద్ధిచేసే పద్ధతులను చిన్న తోళ్ళ కర్మాగారాలకు అందేటట్లు సరిచేశారు. కాన్పూరు, కలకత్తా, జలంధరు, రాజకోట వంటి చోట్ల శాఖలు నెలకొల్పి, ప్రయోగశాలలో కనుగొన్నదానిని కార్మికుని వాకిటికి తీసుకొని వెళ్ళారు. విశ్వవిద్యాలయం పక్కనే సంస్థ ఉన్నది గనుక, తోలు సాంకేతిక పట్టభద్రులకు పాఠం చెప్పేదీ, పరిశోధన చేసేదీ, పరిశ్రమకు సలహా ఇచ్చేదీ ఒకే ఆవరణలో జరిగేటట్లు చూశారు. పేరుమోసిన పత్రికలో వ్యాసం వచ్చినంత మాత్రాన పరిశోధన ముగిసినట్లు ఆయన భావించలేదు. ఆ వ్యాసంలోని సంగతి లంద దగ్గరి మనిషికి ఉపయోగపడినదా లేదా అన్నది ఆయన లెక్క.

1972లో సీతారామయ్య కమిటీ సూచనలు వచ్చినవి. మరుసటి ఏడు నుండి సగం శుద్ధిచేసిన తోలు ఎగుమతిపై కేంద్ర ప్రభుత్వం పరిమితులు విధించినది, పూర్తిగా శుద్ధిచేసిన తోలుకు, తోలు వస్తువులకు ప్రోత్సాహం కల్పించినది. ఏండ్ల తరబడి తయారైన సాంకేతికులు, పద్ధతులు, పరీక్షాశాలలు మద్రాసులో ముందుగా లేకపోయినట్లయితే ఆ ఆజ్ఞ కాగితం మీదనే నిలిచిపోయేది. ఎగుమతిని ఆపటం ఒక సంతకంతో అయ్యే పని. ఆపిన సరుకును ఇక్కడ పూర్తిచేయగల చేతులు ఉండటం ఇరవై ఏండ్ల పని. ఆ తరువాతి దశాబ్దాలలో ఆంబూరు, రాణిపేట ప్రాంతాల నుండి బూట్లు, బూట్ల పైభాగాలు ప్రపంచ విపణికి చేరినవి.

ఇందులో చీకటి కోణం లేదని మేము వ్రాయజాలము. క్రోమియం కలిసిన మురుగునీరు పాలారు నదిలోనికి, బావులలోనికి, పొలాలలోనికి చేరినది. ఆ నీటి వలన నష్టపోయిన రైతుల తరఫున వెల్లూరు పౌర సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996లో తీర్పునిచ్చి, కలుషితం చేసినవారే మూల్యం చెల్లించాలని ఆదేశించినది. పరిశ్రమ పైకి వచ్చిన వేగంతో మురుగునీటి శుద్ధి రాలేదు. సాంకేతికతను మన చేతికి తెచ్చుకోవటంతోనే బాధ్యత తీరదు. దాని మలినం కూడా మన ఇంటిలోనే మిగులుతుంది. నాయుడమ్మను కొనియాడే వ్యాసాలలో ఈ వాక్యం కనిపించదు గనుక ఇక్కడ చేర్చుతున్నాము.

1971లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించినది. ఆ ఏడే శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలికి అధిపతి అయ్యారు. దేశమంతటా ఉన్న జాతీయ ప్రయోగశాలలు ఆయన అధీనంలోనికి వచ్చినవి. 1977 వరకు సాగిన ఆ పదవీకాలంలో తెలుగువారు గుర్తుంచుకొనదగినది కరీంనగర్ ప్రయోగం. ప్రయోగశాలల శాస్త్రవేత్తలు ఒక వెనుకబడిన జిల్లాకు వెళ్ళి, అక్కడి నేల, నీరు, పంట, పశువు, చేతివృత్తి అన్నింటిని పరిశీలించి, అక్కడి జనం అవసరమెరిగి తమ విద్యను అన్వయించాలన్నది దాని ఆశయం. ఢిల్లీలో తయారైన పరిష్కారాన్ని కరీంనగరుకు మోసుకొనిపోవటం కాదు. కరీంనగరు ప్రశ్నను ముందుగా వినటం. ఫలితాలు ఆశించినంతగా వచ్చినవని చెప్పలేము. జిల్లా యంత్రాంగం, శాస్త్రవేత్తలు, గ్రామస్థులు ఈ ముగ్గురి అడుగులు కలవటం ఎంత కష్టమో ఆ ప్రయోగమే తెలిపినది. 1981లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష పదవి చేపట్టి, 1982లోనే విరమించారు. అది ఆయన స్వభావానికి ఒదిగిన పదవి కాదు.

ఇక విదేశీ సహాయం సంగతి. రెండవ ప్రపంచ యుద్ధానంతరం, అమెరికా మార్షల్ ప్రణాళికతో ఐరోపాను నిలబెట్టిన కాలంలోనే, స్వాతంత్ర్యం పొందిన ఆసియా దేశాల కోసం 1950లో కొలంబో ప్రణాళిక పుట్టినది. కెనడా తొలి విదేశీ సహాయం ఆ ప్రణాళిక ద్వారానే ఆరంభమైనది. నీలగిరులలోని కుందా జలవిద్యుత్ పథకానికి, ట్రాంబేలో 1960లో పనిచేయనారంభించిన అణు రియాక్టరుకు కెనడా చేయూత లభించినది. ఆనాటి సహాయం రూపం తేటతెల్లమైనది. ధనిక దేశం వద్ద యంత్రాలు, గోధుమలు, నిపుణులు ఉన్నవి. పేద దేశానికి అవి కొరత. అక్కడివి ఇక్కడికి చేర్చితే అభివృద్ధి జరుగునని లెక్క. పైగా ఇచ్చిన ధనంలో అధికభాగం ఇచ్చిన దేశపు సరుకులే కొనవలసిన షరతుతో వచ్చేది. ఇటువంటి సహాయంలో దాత దేశపు కర్మాగారానికి కూడా గిరాకీ దొరుకుతుంది.

ఇది ఎక్కడ విఫలమవుతుందో మా విద్యార్థులకు దూరం పోకుండానే అర్థమవుతుంది. మీలో పలువురి తండ్రులు, అన్నలు ఆటోనగర్‌లో పనిచేసేవారే. ఎక్కడో తయారైన లారీ విరిగిన కమాను పట్టీతో, అరిగిన గేరుపండ్లతో అక్కడికి వస్తుంది. కంపెనీ విడిభాగం దొరకనప్పుడు లేత్ మిషను మీద దానిని తయారుచేసి బండిని రోడ్డెక్కించగలిగిన ఉస్తాదు అక్కడ ఉంటాడు. ఆ ఉస్తాదు లేని ఊరికి వంద లారీలు ఉచితంగా పంపినను, మూడేండ్ల తరువాత అవి చెట్టుకింద తుప్పుపట్టి కనిపిస్తాయి. లారీని దానం చేయవచ్చును. ఉస్తాదును దానం చేయటానికి వీలుకాదు, అతడు అక్కడే పెరగాలి. ఆ ఉస్తాదు చేతికి వెల్డింగు నిప్పురవ్వలు తగలకుండా కాపాడే తోలు తొడుగు క్రోమియం శుద్ధి చేసిన తోలే అన్నది కూడా ఇక్కడ చెప్పుకోదగినది.

1960ల చివరికి ప్రపంచం మారినది. ఆసియా ఆఫ్రికాలలో అనేక దేశాలు స్వతంత్రమైనవి, ఐక్యరాజ్యసమితిలో వాటి సంఖ్య పెరిగినది, ఇరవై ఏండ్ల సహాయం తరువాత కూడా పేదరికం అట్లే ఉన్నదని దాతలకు నిరుత్సాహం కలిగినది. ఈ స్థితిలో ప్రపంచబ్యాంకు కోరికపై కెనడా మాజీ ప్రధాని లెస్టర్ పియర్సన్ నాయకత్వంలో ఒక కమిషను పరిశీలన జరిపి 1969లో నివేదిక సమర్పించినది. సంపన్న దేశాలు తమ జాతీయోత్పత్తిలో నూటికి 0.7 వంతు ప్రభుత్వ సహాయంగా ఇవ్వాలన్నది అందులోని ప్రసిద్ధమైన సూచన. 1970లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ దానిని లక్ష్యంగా స్వీకరించినది. పియర్సన్ స్వదేశమైన కెనడా కూడా ఆ లక్ష్యాన్ని ఏనాడూ అందుకోలేదన్నది చరిత్ర చేసిన చమత్కారం.

కాని అదే కాలంలో కెనడా రెండు పనులు చేసినది. 1968లో తన సహాయ కార్యాలయాన్ని పునర్వ్యవస్థీకరించి అంతర్జాతీయ అభివృద్ధి సంస్థగా మార్చినది. 1970లో పార్లమెంటు చట్టం ద్వారా అంతర్జాతీయ అభివృద్ధి పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పినది. మొదటిది పాత తరహా సహాయానికి కొత్త ఇల్లు. రెండవది కొత్త ఆలోచన. ఆ కేంద్రం పేద దేశాలకు వస్తువులను పంపదు, కెనడా నిపుణులను పెద్ద సంఖ్యలో పంపదు. ఆయా దేశాల శాస్త్రవేత్తలు, తమ దేశపు సమస్యపై, తమ దేశంలోనే చేసే పరిశోధనకు ధనమిస్తుంది. పాలకమండలిలో ఇరవై ఒక్క స్థానాలు. వాటిలో పదకొండు కెనడా పౌరులవి. మిగిలిన పది స్థానాలలో ఇతర దేశాలవారు కూర్చోవచ్చును. తొలి అధ్యక్షుడు పియర్సన్. కార్యనిర్వహణను చేపట్టిన డేవిడ్ హాపర్ ఉత్తరప్రదేశ్‌లోని సేనాపూర్ గ్రామంలో రైతుల ఆర్థిక నిర్ణయాలను అధ్యయనం చేసిన ఆర్థికవేత్త. పేద రైతు తెలివితక్కువవాడు కాడని, తనకున్న వనరులను పొదుపుగా, నేర్పుగా వాడుకొంటాడని ఆ పరిశీలనలో ఆయన గ్రహించారు. ఒక ధనిక దేశపు సహాయ సంస్థ పుట్టుకలో మన గంగా మైదానపు పల్లె పాఠం ఇమిడి ఉన్నదని చెప్పుకొనవచ్చును.

ఆ సంస్థ పనికి ఒక్క ఉదాహరణ చాలును. ఆఫ్రికాలోని బోట్స్వానాలో జొన్న ప్రధానాహారం. రోట్లో దంచి పొట్టు తీయటం ఆడవారికి గంటల తరబడి చాకిరీ. కెనడాలోని సస్కటూన్ ప్రయోగశాలలో రూపొందిన పొట్టు తీసే యంత్రం ఆ కేంద్రం సహకారంతో 1970లలో అక్కడికి చేరినది. కాని అది పెద్ద మిల్లుకు తగిన యంత్రం. ఇంటి నుండి తట్టలో నాలుగు మానికల జొన్నలు తెచ్చుకొన్న స్త్రీకి పనికిరాదు. అప్పుడు కాన్యే పట్టణంలోని గ్రామీణ పరిశ్రమల కేంద్రంలో బోట్స్వానా సాంకేతికులే దానిని కుదించి, కొద్ది ధాన్యాన్ని కూడా విడిగా పొట్టుతీసి ఇచ్చేటట్లు మార్చి, అక్కడే తయారుచేయనారంభించారు. ఇంతకు ముందు చెప్పిన ఉస్తాదు సంగతే ఇది, పేరు మాత్రం వేరు.

నాయుడమ్మ ఈ కేంద్రపు పాలకమండలిలో సభ్యులైనది 1980ల ఆరంభ కాలంలో. అప్పటికి ఆయన ఐక్యరాజ్యసమితి సంస్థలకు సలహాదారుగా అనేక వర్ధమాన దేశాల తోలు పరిశ్రమలను చూసి ఉన్నారు. వర్ధమాన దేశాలలో శాస్త్ర సాంకేతిక విజ్ఞాన వికాసానికి ఏర్పడిన అంతర్జాతీయ సంఘానికి అధ్యక్షత వహించి ఉన్నారు. పాలకమండలిలో ఆయనకున్న విలువ బిరుదుల వలన కలిగినది కాదని మా నమ్మకం. ఆయన సహాయం పుచ్చుకొన్న మనిషి. అమెరికా విశ్వవిద్యాలయం నేర్పిన విద్యతో తిరిగి వచ్చిన మనిషి. పుచ్చుకొన్నదానిని యథాతథంగా అతికించక, తంగేడుకు, కరక్కాయకు, మాదిగ వాడకు, వాణియంబాడి వర్తకునికి తగినట్లు మార్చుకొన్న మనిషి. ఆ మార్పులో ఎక్కడ దెబ్బతగులుతుందో కరీంనగరులో ప్రత్యక్షంగా చూసిన మనిషి. ధనమిచ్చేవారికి ఈ అనుభవం లేదు. దానిని కొనుక్కొనే దారి కూడా లేదు. దానిని కలిగిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవటం ఒక్కటే దారి.

మన పత్రిక ఉర్దూ భాగాన్ని చదివే విద్యార్థులకు ఖైరాత్, షిరాకత్ అన్న రెండు మాటలకు గల అంతరం తెలుసు. మొదటిదానిలో ఒక చేయి పైన, ఒక చేయి కింద. రెండవదానిలో రెండు చేతులు ఒకే లెక్కల పుస్తకం మీద. విదేశీ సహాయ విధానాలు గత యాబది ఏండ్లుగా మొదటి మాట నుండి రెండవ మాటకు నడవటానికి ప్రయత్నిస్తూ, మధ్య మధ్య వెనుకకు జారుతూ వచ్చినవి. సహాయం నిలిపివేయటమూ ఒక ఆయుధమే. 1974 మేలో పోఖ్రాన్‌లో భారతదేశం అణు పరీక్ష జరిపినప్పుడు, ట్రాంబే రియాక్టరు ద్వారా లభించిన పదార్థం అందుకు వినియోగమైనదన్న కారణంతో కెనడా అణు సహకారాన్ని తెంచుకొన్నది. ఇచ్చినవారి ఉద్దేశం, పుచ్చుకొన్నవారి ఉద్దేశం వేరైనప్పుడు ఏమి జరుగుతుందో ఈ ఉదంతం చెబుతుంది. ఇందులో తప్పెవరిదన్న చర్చ ఈనాటికీ ఉన్నది, దానిలోనికి మేము పోము. కాని రెండు దేశాల మధ్య అంత కలత కలిగిన తరువాత కూడా, అదే కెనడా ధనంతో నడిచే పరిశోధన కేంద్రపు పాలకమండలిలో ఒక భారతీయ శాస్త్రవేత్త కూర్చొని ఉన్నారన్న సంగతి తక్కువది కాదు.

1985 జూన్ 23. కెనడా నుండి స్వదేశానికి తిరిగి వస్తూ నాయుడమ్మ ప్రయాణిస్తున్న ఎయిరిండియా విమానం కనిష్క, ఐర్లాండు తీరానికి దూరాన అట్లాంటిక్ మహాసముద్రంపై ఆకాశంలోనే పేలిపోయినది. ఉగ్రవాదులు సామానులో బాంబు పెట్టినారు. విమానంలోని 329 మందీ మరణించారు. నాయుడమ్మకు అప్పటికి అరవై మూడేండ్లు నిండలేదు. తెనాలిలో ఆయన పేరిట ఏర్పడిన స్మారక విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలకు పురస్కారాలు అందజేస్తూ వచ్చినది.

ఆయన తరువాత సహాయ ప్రపంచం మళ్ళీ మారినది. భారతదేశం 1964లోనే ఇతర వర్ధమాన దేశాలవారికి శిక్షణనిచ్చే సాంకేతిక సహకార కార్యక్రమాన్ని ఆరంభించి, ఒక చేత్తో పుచ్చుకొంటూనే మరొక చేత్తో ఇవ్వసాగినది. 2003లో, జపాన్, జర్మనీ, బ్రిటన్ వంటి కొద్ది దేశాల సహాయం తప్ప చిన్న దాతల ద్వైపాక్షిక సహాయం ఇక అక్కరలేదని ప్రకటించినది. 2012లో విదేశాంగ శాఖలో ఇందుకై ప్రత్యేక విభాగం ఏర్పరచినది. అటువైపు దాత దేశాలలో 2013లో కెనడా తన అభివృద్ధి సంస్థను విదేశాంగ శాఖలో విలీనం చేసినది, 2020లో బ్రిటన్ అదే మార్గం పట్టినది. అమెరికాలో అరవై ఏండ్లకు పైబడిన సహాయ సంస్థ 2025 జూలై నాటికి తన పనిని ముగించగా, మిగిలినది విదేశాంగ శాఖ చేతికి పోయినది. ఆ సంస్థ ధనంపై ఆధారపడిన ఆసుపత్రులు, మందుల సరఫరా పథకాలు అనేక దేశాలలో రాత్రికి రాత్రి ఆగిపోయినవి. ఇంకొకరి వార్షిక బడ్జెటులోని ఒక పద్దు మీద ఒక తల్లికి అందే మందు ఆధారపడి ఉండటం ఎంతటి అపాయమో అప్పుడు కనిపించినది. కెనడా పరిశోధన కేంద్రం మాత్రం, పాలకమండలి సంఖ్య తగ్గినను, తన చట్టంతో, విదేశీ సభ్యులకు చోటిచ్చే నియమంతో కొనసాగుతూ ఉన్నది.

ఇథియోపియా దేశానికి పశుసంపద విస్తారం. అయినను పచ్చి తోళ్ళను, సగం శుద్ధిచేసిన తోళ్ళను ఎగుమతి చేసి తృప్తిపడుతూ ఉండేది. 2008లో ఆ దేశం పచ్చి తోళ్ళ ఎగుమతిపై నూటికి నూట యాబది వంతు సుంకం విధించినది. తరువాత ఇంకా మెరుగుపడని తోలుకు కూడా దానిని వర్తింపజేసినది. మన 1973 నాటి నిర్ణయానికి తోబుట్టువు వంటి నిర్ణయం. ఆపిన సరుకును పూర్తిచేసే చేతులు కావలసి వచ్చినప్పుడు, అడిస్ అబాబాలోని తోలు పరిశ్రమ అభివృద్ధి సంస్థ, మద్రాసు అడయారులోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థతో జంట సంస్థల ఒప్పందం కుదుర్చుకొన్నది. ఇథియోపియా యువకులు ఆ ఒప్పందం కింద అడయారు వచ్చి చదువుకొన్నారు, పట్టాలు పుచ్చుకొని తిరిగి తమ దేశపు తోళ్ళ కర్మాగారాలకు, పాఠశాలలకు వెళ్ళారు.